‘ఎ’ చుట్టూ ఒక గీత... బార్సిలోనాలో ఓ పేట కథ

22@.

చూడగానే సగం టైప్ చేసి వదిలేసిన మెయిల్ ఐడీలా ఉంది కదూ? నిజానికి ఇది ఓ పేట పేరు. బార్సిలోనా నగరపాలక సంస్థ, సముద్రం పక్కనున్న పోబ్లెనౌ అనే ఏరియాకి తన మాస్టర్ ప్లాన్‌లో ఇచ్చిన కోడ్.

బార్సిలోనా వెళ్లిన మనవాళ్లు గౌడీ చర్చి ముందు ఒకటి, మెస్సీ ఆడిన స్టేడియం ముందు ఒకటి సెల్ఫీ దిగి వచ్చేస్తారు. తప్పేం లేదు, టికెట్ డబ్బులు గిట్టాలిగా. నన్ను మాత్రం కంపెనీ ఆరు నెలల ప్రాజెక్టు మీద పంపింది. ఆఫీసు పోబ్లెనౌలో. అద్దెకు దొరికిన గది ఆఫీసుకి పదిహేను నిమిషాల నడక. వీకెండ్ వస్తే అందరూ బీచ్‌కి పోయేవాళ్లు, నేను ఈ పేట వీధుల్లో పడి తిరిగేవాణ్ని. ఒక మున్సిపాలిటీ ‘ఇక్కడ ఉద్యోగాలు పుట్టాలి’ అని గట్టిగా అనుకుంటే ఏమేం చేయగలదో, ఎక్కడ దాని వల్ల కాదో, రెండూ ఈ వీధుల్లో పక్కపక్కనే కనపడతాయి.

పొగగొట్టాల పేట

గ్లోరియెస్ మెట్రో స్టేషన్‌లో దిగి పైకి రాగానే దోసకాయని నిలబెట్టినట్టు 38 అంతస్తుల టవర్ ఉంటుంది. 2005లో తెరిచారు. దానికి దగ్గర్లోనే ఎన్‌కాంట్స్ అనే పాత సామాన్ల సంత. మన ఎర్రగడ్డ సంతకి ఎవరో డిజైనర్ వచ్చి ఆకాశమంత ఎత్తున అద్దాల కప్పు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అలా ఉంటుంది. 2013లో ఈ కప్పు కిందికి మార్చారు. కింద విరిగిన కుర్చీలు, పాత ఫోన్ చార్జర్లు, ఎవరిదో పెళ్లి ఆల్బమ్. తల ఎత్తితే అవన్నీ తలకిందులుగా పైన కూడా.

అక్కణ్నుంచి సముద్రం వైపు నడుస్తుంటే ఇటుకల పొగగొట్టాలు మొదలవుతాయి. ఎత్తుగా, సన్నగా. వాటి చుట్టూ ఫ్యాక్టరీ ఉండదు. ఒకటి పార్కు మధ్యలో, ఇంకోటి అపార్ట్‌మెంట్ల నడుమ, మరోటి అద్దాల ఆఫీసు పక్కన. పెళ్లికి పిలిస్తే వచ్చి, తెలిసినవాళ్లెవరూ కనపడక ఓ మూల నిలబడ్డ పెద్దాయనల్లా ఉంటాయి.

మాది వరంగల్. మా తాత ఆజంజాహీ మిల్లులో సాంచెల మీద పనిచేశాడు. 1934లో, నిజాం కాలంలో మొదలైన బట్టల మిల్లు అది. నాకు ఊహ తెలిసే సరికే మూతపడింది. ఆ భూముల్లో కొంత ‘ఓ సిటీ’ పేరుతో లేఅవుట్ అయింది, కొంత ఆఫీసులకి పోయింది. మిల్లు గుర్తుగా పేర్లు మాత్రం మిగిలాయి. ఇప్పటికీ అక్కడి పోలీస్ స్టేషన్ మిల్స్ కాలనీ స్టేషనే.

అందుకే ఆ పొగగొట్టం ఫొటో తీసి తాతకి వాట్సాప్ చేశా. ‘ఇక్కడ మిల్లు పోయినా గొట్టాన్ని కాపాడుకున్నారు తాతా’ అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టా. పది నిమిషాల్లో జవాబు: ‘‘మంచిగనే ఉన్నది బిడ్డా. మరి అండ్ల పనిజేసినోళ్లు యాడికి వోయిండ్రు?’’

ఆ ప్రశ్న చెవిలో పడ్డాక ఈ పేటని ఇంక టూరిస్టులా చూడలేకపోయా.

పందొమ్మిదో శతాబ్దంలో పోబ్లెనౌని ‘కాటలోనియా మాంచెస్టర్’ అనేవాళ్లు. బట్టల మిల్లులు, పిండి మిల్లులు, ఇనుప పనులు, సారా గోదాములు. ఫ్యాక్టరీల పేర్లు తమాషాగా ఉంటాయి: కాన్ రికార్ట్, కాన్ ఫెలిపా, కాన్ సలాద్రిగాస్. ‘కాన్’ అంటే వాళ్ల భాషలో ‘ఫలానావాళ్ల ఇల్లు’. మనం ‘రెడ్డిగారింట్లో’ అన్నట్టే! 1960ల నుంచి ఒక్కొక్కటే మూతపడుతూ, ఊరవతలికి తరలిపోతూ వచ్చాయి. మూడు దశాబ్దాల్లో వెయ్యికి పైగా పరిశ్రమలు వెళ్లిపోయాయి. 1992 ఒలింపిక్స్ కోసం పేటలో ఓ చివర ఫ్యాక్టరీలు పడగొట్టి క్రీడాకారుల ఊరు కట్టారు. సముద్రానికీ ఊరికీ మధ్య అడ్డంగా ఉన్న రైలు పట్టాలు తీసేసి బీచ్‌లు వేశారు. అవును, వేశారు. ఇవాళ అందరూ తువ్వాలు పరుచుకుని పడుకునే ఆ బీచ్ కూడా ప్లాన్‌లో భాగమే.

మిగిలిన పేట మాత్రం అలాగే ఉండిపోయింది. పగిలిన అద్దాలు, ఖాళీ షెడ్లు, వాటి మధ్య చిన్న చిన్న వర్క్‌షాపులు, ఇళ్లు.

ఆ రూల్‌లో ఏం మార్చారంటే...

1976 నాటి మాస్టర్ ప్లాన్‌లో ఈ నేలంతా ‘22ఎ’. అంటే పరిశ్రమలకి మాత్రమే. ఫ్యాక్టరీలు పోయినా కోడ్ పోలేదు. స్థలం ఓనర్లు ఏళ్ల తరబడి ఒకటే అడిగేవాళ్లు: మాకు ఇళ్లు కట్టుకోనివ్వండి, అమ్ముకుంటాం. సముద్రం పక్కన, సిటీ మధ్యలో, ఒలింపిక్స్ తరవాత! ఎంత రేటు పలుకుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నగరం ఆ దారి పట్టలేదు. ఇళ్లన్నీ కట్టేస్తే జనం ఇక్కడ పడుకుని పొద్దున్నే పనికి ఇంకెక్కడికో పోతారు, మాకు ఊరి మధ్యలో పని కూడా కావాలి అంది. 2000 సంవత్సరం జులైలో 22ఎ తీసేసి 22@ పెట్టింది. ‘ఎ’ చుట్టూ ఓ గీత చుట్టారంతే. దాదాపు 200 హెక్టార్లు, అంటే ఐదొందల ఎకరాలకి కాస్త తక్కువ, గడుల పేపర్ లాంటి 115 బ్లాకులు ఆ గీతలోకి వచ్చేశాయి. (ఆ గడుల్ని గీసింది సెర్దా అనే ఇంజనీర్. 1859 నాటి ప్లాన్. ప్రతి బ్లాకూ 113 మీటర్లు, మూలలు కోసి ఉంటాయి. గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి ఓసారి చూడండి, మన మనసులో ‘ఊరు ఇలా ఉండాలి’ అనుకునేది అదే.)

ఇక్కడో చిన్న సైడ్ ట్రాక్. ఆ @ గుర్తుని స్పానిష్‌లో ‘అరోబా’ అంటారు. మెయిల్స్ పుట్టకముందు అరోబా అంటే ఓ పాత తూకం, పదకొండున్నర కిలోలు. మన మణుగు కూడా ఇంచుమించు అంతే. అంటే నా మెయిల్ ఐడీలో ఇన్నాళ్లూ ఒక మణుగు మోస్తున్నానన్నమాట.

సరే, లెక్కకి వద్దాం. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

మీకు పోబ్లెనౌలో వెయ్యి చదరపు మీటర్ల పాత ఫ్యాక్టరీ స్థలం ఉందనుకుందాం. 22ఎ కింద దాని మీద రెండు వేల చదరపు మీటర్లు కట్టుకోవచ్చు, అదీ పరిశ్రమకే. 22@ వచ్చాక మూడు వేల దాకా కట్టొచ్చు. ఒక్క సంతకంతో స్థలం విలువ ఎక్కడికో వెళ్లిపోయింది. మీరు ఏ కష్టమూ పడలేదు, ఇటుక మీద ఇటుక పెట్టలేదు. ఆ పెరిగిన విలువ ఎవరిది?

బార్సిలోనా ఏమందంటే: సగం మాది. అలా అనలేదు గానీ భావం అదే. స్థలంలో 30 శాతం నగరానికి రాసివ్వాలి. అందులో కొంత పార్కుకి, కొంత స్కూలూ హాస్పిటలూ కాలేజీ లాంటి వాటికి, కొంత తక్కువ రేటు ఇళ్లకి. ఆ మూడు వేలలో మూడొందల చదరపు మీటర్లు ఆ ఇళ్లవే. మీరు కట్టేదాంట్లో కనీసం ఐదో వంతు ‘@ పనులు’ ఉండాలి. అంటే సాఫ్ట్‌వేర్, మీడియా, డిజైన్, రీసెర్చ్ లాంటివి. పైగా వీధుల కింద కొత్తగా వేసే కేబుళ్లు, పైపుల ఖర్చులో మీ వాటా మీరు కట్టాలి. నేను సింపుల్ చేసి చెప్తున్నా. అసలు రూల్‌బుక్ చూస్తే మన ఆఫీసు డాక్యుమెంటేషనే నయమనిపిస్తుంది.

అందులో బలవంతం లేదు. ఓనర్ పాత షెడ్డుని అలాగే ఉంచుకోవచ్చు. మార్చాలనుకుంటేనే ఈ బేరం.

ఆ వీధుల కింద వేసినవాటి గురించి కూడా చెప్పాలి, ఇంజనీర్ బుద్ధి ఎక్కడికి పోతుంది! ఫుట్‌పాత్ మీద మూతలున్న స్టీలు గొట్టాలుంటాయి. చెత్త సంచీ అందులో వేస్తే భూమిలోని పైపులు గాలితో లాగేసుకుంటాయి. చెత్త లారీ వీధిలోకి రానే రాదు. పక్క ఊళ్లో చెత్త కాల్చగా వచ్చే ఆవిరి ఈ పేటలోని బిల్డింగులకి వేడినీళ్లవుతుంది, వేసవిలో ఏసీలకి చల్లనీళ్లవుతుంది. మా ఆఫీసు పైన ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎందుకు లేవో నాకు మూడో నెలలో అర్థమైంది.

చట్టంలో లేని ఇళ్లు

నేను గది తీసుకున్న ఇంటి ఓనర్‌కి డెబ్బై దాటాయి. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు స్పానిష్ రాదు. మధ్యలో ట్రాన్స్‌లేటర్ యాప్. రాత్రి పప్పు పోపు వాసనకి వంటింట్లోకి వచ్చి కూర్చునేది. ఓసారి ఇంటి గురించి అడిగితే ఆవిడ ఫోన్‌లో చెప్పింది, ఫోన్ నాతో అంది: ‘‘ఈ ఇల్లు ఉండేది. కానీ కాగితం మీద ఉండేది కాదు.’’

యాప్ తప్పు చెప్తోందనుకున్నా. లేదు, కరెక్టే. ఆ నేల పరిశ్రమలకి అని రాసుకున్న రోజునే అక్కడున్న ఇళ్లన్నీ ప్లాన్ దృష్టిలో ఉండకూడనివైపోయాయి. 4,600కి పైగా ఇళ్లు! జనం ఉంటున్నారు, పిల్లలు పుడుతున్నారు, కరెంటు బిల్లు కడుతున్నారు. పెద్ద రిపేరుకి పర్మిషన్ మాత్రం రాదు. దశాబ్దాలు అలాగే గడిచాయి. 22@ చేసిన మంచి పనుల్లో అందరూ చెప్పేది ఆఫీసుల గురించి. నాకు మాత్రం ఇది పెద్దదిగా కనపడుతుంది: ఆ ఇళ్లన్నిటినీ ఉన్నట్టుగా గుర్తించింది. మా ఓనరమ్మ ఆ తరవాతే వంటిల్లు మార్పించుకుందట.

మరి ఉద్యోగాలు? ఆఫీసులు కట్టినంత మాత్రాన కంపెనీలు రావు. దానికి నగరానికి ఇంకో చెయ్యి ఉంది: ‘బార్సిలోనా యాక్టివా’. నగరపాలక సంస్థదే. 1986లో, నిరుద్యోగం మండిపోతున్న రోజుల్లో, ఈ పేటలోని పాత ఓలివెట్టి ఫ్యాక్టరీలో మొదలైంది. టైప్‌రైటర్ల కంపెనీ పేరున్న చోట స్టార్టప్‌లకి పురుడు పోశారు. మనకి ఇప్పుడు ఇన్‌క్యుబేటర్ అంటే మామూలు మాట. అప్పటికి మా నాన్న ఇంటర్ కూడా అయిపోలేదు.

ఓ సాయంత్రం ఊరికే చూద్దామని వాళ్ల క్లాసు ఒకదానికి వెళ్లా. స్లైడ్ల మీద పెద్ద పెద్ద మాటలుంటాయనుకున్నా. అక్కడ పదిహేను మంది ఉన్నారు. కేకుల షాపు పెడదామనుకునే ఆవిడ, సైకిల్ రిపేర్ చేసే కుర్రాడు, మొబైల్ షాపు పెట్టాలనుకుంటున్న పాకిస్తానీ అబ్బాయి. రెండు గంటలు ఒకటే టాపిక్: నెలకి ఖర్చు ఎంత, ఎన్ని అమ్మితే అద్దె వస్తుంది. ‘యునికార్న్’ అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదు. నాకు భలే నచ్చింది. మొబైల్ షాపు అబ్బాయి నాతో హిందీలో అన్నాడు, ‘‘భాయ్, లెక్క వేస్తే నా షాపు ఈ వీధిలో బతకదు, పక్క పేటలో బతుకుతుంది. ముందే తెలిసింది, మంచిదే.’’

కాలేజీలు కూడా లాక్కొచ్చారు. కా లరాన్యో అనే పాత బట్టల మిల్లులో ఇప్పుడు పాంపూ ఫాబ్రా యూనివర్సిటీ క్లాసులు జరుగుతాయి. కాన్ సలాద్రిగాస్ ఇప్పుడు పబ్లిక్ లైబ్రరీ. కాన్ ఫెలిపా అయితే పేట జనం కొట్లాడి సాధించుకున్న కమ్యూనిటీ సెంటర్, ఇది 22@ కన్నా ముందే.

తుళ్లూరు అన్న లెక్క

మా టీమ్‌లో తెలుగాయన ఒకరున్నారు. అక్కడే ఎనిమిదేళ్లుగా ఉంటున్నారు. ఊరు తుళ్లూరు దగ్గర. ఈ 30 శాతం సంగతి నేను ఎగ్జైట్ అయిపోయి చెప్తుంటే కాఫీ తాగుతూ ప్రశాంతంగా విని, ‘‘మా నాన్న రెండెకరాలు ఇచ్చాడు తమ్ముడూ’’ అన్నారు.

అమరావతి ల్యాండ్ పూలింగ్. అదీ ఇలాంటి ఆలోచనే, ఇంకా పెద్దది. డబ్బు ఇచ్చి భూమి కొనకుండా, రైతు మొత్తం భూమి ఇచ్చేస్తే, అభివృద్ధి చేసి కొంత ప్లాట్ల రూపంలో వెనక్కి ఇవ్వడం. జరీబు భూమి అయితే ఎకరాకి వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల కమర్షియల్ స్థలం. మధ్యలో పదేళ్లు కౌలు. 33 వేల ఎకరాల పైనే ఇచ్చారు.

‘‘మరి తేడా ఏంటన్నా?’’ అన్నా.

‘‘ఇక్కడ ఓనరు దగ్గర డెబ్బై శాతం భూమి ఉంటుంది. మురుగు కాలవ, మెట్రో, రోడ్డు ముందే ఉన్నాయి. ప్లాన్ నడవకపోయినా వాడి షెడ్డు వాడిదే. మాది మొత్తం వాళ్ల చేతిలో పెట్టి ఎదురుచూట్టం. 2019లో పనులాగినయ్. మళ్లా 2024లో మొదలైనయ్. మధ్యలో ఐదేళ్లు మా నాన్న రోజూ పేపర్ చదివాడు.’’

పోబ్లెనౌలోనూ మేయర్లు మారారు. పార్టీలు కూడా మారాయి. 22@ నడపడానికి పెట్టిన మున్సిపల్ కంపెనీని 2011లో ఎత్తేశారు కూడా. కానీ ప్లాన్‌ని ఎవరూ డిలీట్ కొట్టలేదు. వచ్చినవాళ్లు తిట్టుకుంటూనే అప్‌డేట్ చేశారు. ఓనర్ ముప్పై శాతం వదులుకోవడానికి ఒప్పుకోవాలంటే మిగతా డెబ్బై మీద ఇరవై ఏళ్ల నమ్మకం ఉండాలి. అది ఏ బ్రోషర్‌తోనూ రాదు.

ఇంక మన హైదరాబాద్. అక్కడ బిల్డింగ్‌కి ఎన్ని చదరపు అడుగులు అన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని 2006లోనే తీసేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన జాగా చూసుకుని ఎంత ఎత్తైనా లేపుకోవచ్చు. గచ్చిబౌలి ఆకాశం అలా మారడానికి అదో కారణం. వేగం వచ్చింది, ఒప్పుకోవాలి. నాకు ఉద్యోగం వచ్చింది కూడా ఆ ఆకాశంలోనే. కానీ బార్సిలోనా చేతిలో ఉన్న సరుకు ఏమిటి? ఎక్స్‌ట్రా అంతస్తులు. వాటిని చూపించి పార్కు అడిగింది, ఇళ్లు అడిగింది. పరిమితే లేని చోట ఎక్స్‌ట్రాకి బేరం ఎక్కడ? 2025 చివర్లో పాత పారిశ్రామిక వాడల స్థలాల్ని ఫీజు కట్టి ఇళ్లకీ ఆఫీసులకీ మార్చుకునేలా హిల్ట్ పాలసీ వచ్చినప్పుడు, గొడవంతా ఆ ఫీజు ఎంత ఉండాలి అన్న దగ్గరే నడిచింది. పోబ్లెనౌలో నగరం ప్రధానంగా అడిగింది నేల. డబ్బు ఖజానాలో కలిసిపోయి ఎక్కడికి పోయిందో తెలీదు. నేల మాత్రం ఆ వీధిలోనే ఉండి అందరికీ కనపడుతుంది. ఇంకోటి, అక్కడ నిర్ణయం తీసుకున్నది నగరం. మన దగ్గర రాష్ట్రం. కార్పొరేటర్‌ని అడిగితే పైకి చూపిస్తాడు.

తాత ప్రశ్నకి జవాబు

కాన్ రికార్ట్‌కి వెళ్లాలనుకుంటే ఎవర్ని అడిగినా చెప్తారు. పందొమ్మిదో శతాబ్దపు బట్టల ఫ్యాక్టరీ. మిల్లు పోయాక ఆ షెడ్లలో ముప్పైకి పైగా చిన్న వర్క్‌షాపులు నడిచేవి. వడ్రంగులు, ఇనుప పనివాళ్లు, కళాకారులు. 22@ పుణ్యమా అని స్థలం విలువ పెరిగింది. 2005లో ఖాళీ చేయమన్నారు. పేట జనం, ఆర్కిటెక్టులు, ఆర్టిస్టులు అందరూ వీధిలోకి వచ్చారు. పెద్ద ఉద్యమమే నడిచింది. చివరికి ఫ్యాక్టరీ రక్షిత కట్టడమైంది, గోడలు దక్కాయి. వర్క్‌షాపులు మాత్రం వెళ్లిపోయాయి. నేను చూసినప్పుడు చాలా భాగం ఖాళీగా, కిటికీలకి ఇటుకలు పేర్చి ఉంది. ఓ మూల మాత్రం హంగార్ అనే కళాకారుల కేంద్రం నడుస్తోంది. అది 1997 నుంచి అక్కడే ఉంది.

నగరం మధ్యలో ఉత్పత్తి కావాలనే కదా ఇదంతా మొదలెట్టింది! ఆ వడ్రంగి చేసేది ఉత్పత్తి కాదా? కాదు, ఎందుకంటే దానికి @ లేదు. నాలాంటివాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే @. నాకు ఈ పేటలో మింగుడు పడనిది ఇదే. నా గది, నా ఆఫీసు, నేను తాగే మూడు యూరోల కాఫీ, అన్నీ ఆ జాబితాలో ఉన్నవాళ్ల కోసం ఏర్పాటైనవి.

జాబితాలో అసలే లేనివాళ్లు ఇంకొందరు. 2008 సంక్షోభంలో కట్టడాలు ఆగిపోయి షెడ్లు ఖాళీగా పడి ఉంటే, ఆఫ్రికా నుంచి వలస వచ్చినవాళ్లు వాటిలో చేరారు. సూపర్‌మార్కెట్ ట్రాలీలు తోసుకుంటూ వీధి వీధీ తిరిగి పాత ఇనుము ఏరుకునేవాళ్లు. 2013 జులైలో పుయ్‌సెర్దా వీధిలోని పెద్ద షెడ్డుని పోలీసులు ఖాళీ చేయించారు. దాదాపు మూడొందల మంది. తరవాత 2015లో నగరం సాయంతో అలెన్‌కోప్ అనే సహకార సంఘం పెట్టి కొద్దిమందికి జీతం మీద అదే పని ఇచ్చారు. మిగతావాళ్లు? ఆ ట్రాలీలు ఇప్పటికీ మా ఆఫీసు ముందు నుంచే వెళ్తాయి. చక్రాల చప్పుడుకి మీటింగ్‌లో మ్యూట్ కొట్టుకోవాల్సి వచ్చేది.

కంపెనీలు మాత్రం వేలల్లో వచ్చాయి. అందులో కొత్తగా పుట్టినవి ఉన్నాయి, ఊళ్లోనే ఇంకో చోటి నుంచి సామాన్లు సర్దుకుని వచ్చినవీ బోలెడున్నాయి. ఆ రెండో రకాన్ని ‘గ్రోత్’ కింద రాసుకోవాలా అన్నది పరిశోధకులకి ఇంకా తెగని పంచాయితీ. ప్లాన్‌లో అనుకున్న నాలుగు వేల తక్కువ రేటు ఇళ్లు ఆఫీసులంత స్పీడుగా లేవలేదు. సాయంత్రం ఆరు దాటితే కొన్ని బ్లాకుల్లో మనిషి కనపడడు. మన హైటెక్ సిటీలో ఆ టైమ్‌కి కనీసం ఇడ్లీ బండి ఉంటుంది.

అద్దెలు పెరిగాయి. మా ఓనరమ్మకి సొంతిల్లు కాబట్టి మిగిలింది. కూతురు మాత్రం పక్క ఊరికి వెళ్లిపోయింది. ‘‘అమ్మాయికి ఇక్కడ అద్దె కట్టే జీతం లేదు, అందుకే నీకు గది ఇచ్చా’’ అని యాప్ నాకు తర్జుమా చేసి పెట్టింది. అది కూతురి గది. ఏమనాలో తెలీక ఆ రోజు గిన్నెలన్నీ నేనే కడిగా.

నగరం ఊరుకోలేదు. 2016లో తొమ్మిది బ్లాకుల్ని కలిపి ‘సూపర్‌బ్లాక్’ చేసి, కార్లని బయటి రోడ్లకి నెట్టేసి, లోపల బెంచీలు, పిల్లల ఆటలు పెట్టింది. మొదట్లో ఉన్నవాళ్లే గోల గోల చేశారు, కారు ఎక్కడ పెట్టుకోవాలని. నేను చూసేసరికి అక్కడ పింగ్ పాంగ్ బల్లల కోసం క్యూ ఉంది. 2018లో ఊరంతటికీ ఓ రూల్: పెద్ద నివాస ప్రాజెక్టు ఏదైనా 30 శాతం ఇళ్లు తక్కువ రేటుకి ఇవ్వాలి. బిల్డర్లు చాలామంది ప్రాజెక్టులే తగ్గించుకున్నారు, అనుకున్నన్ని ఇళ్లు రాలేదు. 2022లో 22@ నే తిరగరాసి ఇళ్ల వాటా పెంచారు. 2024లో మేయర్, ఊళ్లో 10,101 టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబర్ నాటికి రెన్యూ చేయబోమని ప్రకటించారు. కోవిడ్ తరవాత వర్క్ ఫ్రమ్ హోమ్‌తో ఖాళీ ఆఫీసులు పెరిగాయి, ఇప్పుడు వాటిని ఏం చేయాలన్న చర్చ నడుస్తోంది. 2000లో ఎవరూ ఊహించని బగ్ అది.

తాతకి ఇదంతా ఫోన్‌లో చెప్పా. వడ్రంగుల దగ్గర ఆపి, ‘‘ఆ తక్కువ రేటు ఇండ్లు ఎవలకిచ్చిండ్రు?’’ అన్నాడు. లాటరీ తీస్తారు తాతా, పేర్లు నమోదు చేసుకుంటే అన్నా. ‘‘మనకు గదన్న లేకపాయె’’ అన్నాడు.

మీరు వెళ్తే...

పసుపు రంగు ఎల్4 మెట్రో ఎక్కి పోబ్లెనౌ స్టేషన్‌లో దిగండి. గ్లోరియెస్ వైపు నుంచి వస్తే ఎరుపు రంగు ఎల్1. ఎన్‌కాంట్స్ సంత సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో. పొద్దున్నే వెళ్తేనే మంచి సామాన్లు దొరుకుతాయి, బేరం మన స్టైల్లోనే చేయొచ్చు. రాంబ్లా దెల్ పోబ్లెనౌ మీద ఎల్ తియో చే అనే షాపు ఉంది, 1912లో మొదలైన వ్యాపారం. ఓర్చాటా అడగండి. ఓ రకం దుంపల పాలు, చల్లగా, తియ్యగా ఉంటాయి. సగ్గుబియ్యం పాయసంలో పాలు వంపుకుని తాగినట్టనిపించింది నాకు. కాన్ సలాద్రిగాస్ లైబ్రరీలోకి ఎవరైనా ఊరికే వెళ్లి కూర్చోవచ్చు.

ఒక్క రోజే టైముంటే రెండు సార్లు నడవండి. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఓసారి, మెడలో ఐడీ కార్డులు వేసుకున్నవాళ్లు లంచ్ కోసం పరిగెత్తేటప్పుడు. అదే రోజు రాత్రి ఏడున్నరకి మళ్లీ రాంబ్లా మీద. అప్పుడు బెంచీల మీద కూర్చునేవాళ్లు వేరే.